యెజ్డీ రోడ్‌కింగ్: ప్లగ్గులో కరెంట్ పసుపుగా వస్తోంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది

రోడ్‌కింగ్87 | బీటీఎం లేఅవుట్, బెంగళూరు | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బండి 1987 రోడ్‌కింగ్. 6 వోల్టులది, ప్లాటినం పాయింట్ల (తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటుని తెంపే లోహపు ముక్కలు) మోడల్. నాన్న హిందూపురంలో ఏళ్ల తరబడి నడిపి, మోకాళ్ల నొప్పులు వచ్చాక పక్కన పెట్టేశారు. పోయిన సంక్రాంతికి బయటికి తీసి, గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా నేనే నడుపుకుంటూ ఇక్కడికి తెచ్చుకున్నా. ఆ రోజు దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇప్పుడు పొద్దున రెండు కిక్కులకే స్టార్ట్ అవుతుంది. ఒక ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో నడిచాక మొదలవుతుంది గోల. సిల్క్ బోర్డ్ సిగ్నల్లో బ్రేక్ మీద కాలు పెట్టి నిలబడితే టప్ టప్ అని మిస్ కొడుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. పక్కకు తోసుకెళ్లి ఐదు నిమిషాలు ఆగి కొడితే మళ్లీ స్టార్ట్. ప్లగ్గు విప్పి హెడ్డుకు ఆనించి చూస్తే రవ్వ సన్నగా, పసుపుగా ఉంది. మా వీధి మెకానిక్ ప్లగ్గు మార్చాడు, కాయిల్ (ప్లగ్గుకి హై వోల్టేజీ పుట్టించేది) మార్చాడు, కండెన్సర్ (పాయింట్లకి జతగా ఉండే చిన్న కెపాసిటర్) మార్చాడు. మూడు వేలు దాటింది. ఇప్పుడు "మాగ్నెట్ వీక్ అయింది సార్, అది మార్చాలి" అంటున్నాడు. మార్చమంటారా?

డుగుడుగు | యలహంక | శనివారం రాత్రి 9:58

అన్నా, ఇదంతా ఇథనాల్ పెట్రోల్ మహిమ. ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపింది) వచ్చిన దగ్గర్నుంచి నా పాత బుల్లెట్ కూడా అలిగింది. ట్యాంక్ ఖాళీ చేసి మంచి పెట్రోల్ పోయించు.

కిక్‌రాడ్ | కలాసిపాళ్య | శనివారం రాత్రి 10:20

మాగ్నెట్ మార్చాలన్నాడా? ఆ బండిలో మాగ్నెట్టే లేదు నాయనా. అది డైనమో. లోపల చుట్టేదీ తీగే, బయట చుట్టూ ఉన్న ఫీల్డు కూడా తీగే. ప్లగ్గుకి కరెంట్ బ్యాటరీ నుంచి పోతుంది, డైనమో నుంచి నేరుగా పోదు. లేనిదాన్ని మారుస్తానన్నవాడి దగ్గరికి ఇంక బండి తీసుకుపోవద్దు.

పెట్రోల్ సంగతి చెప్పిన తమ్ముడికి ఒక మాట. పెట్రోల్ చెడ్డదైతే బండి ఆగుతుంది, ఒప్పుకుంటా. కానీ ప్లగ్గు బయట పెట్టి చూసినప్పుడు రవ్వ రంగు మారదు కదా. అక్కడ పెట్రోల్‌కి పనేముంది?

డుగుడుగు | శనివారం రాత్రి 10:24

సరే బాబాయ్, ఒప్పుకున్నా. ఈ20ని తిట్టే అవకాశం వస్తే వదులుకోలేను, అంతే 😀

కేఆర్‌పురం_కుర్రాడు | శనివారం రాత్రి 10:41

బ్రో, ఇవన్నీ ఎందుకు? 12 వోల్టుల సీడీఐ కిట్ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) వేయించెయ్. పాయింట్లు, కండెన్సర్ అన్నీ తీసి డబ్బాలో పడేయొచ్చు. మా ఫ్రెండ్ జావాకి వేయించాడు, సింగిల్ కిక్.

ఎర్రజావా | జయనగర్ | ఆదివారం ఉదయం 7:15

సీడీఐ వేయించుకుంటే తప్పేం లేదు, కానీ రోగం తెలియకుండా ఆపరేషన్ చేయించినట్టు ఉంటుంది. నాది 1968 జావా, ఇప్పటికీ పాయింట్ల మీదే తిరుగుతోంది. ఏటా జులై రెండో ఆదివారం జావా దినం రైడ్‌కి దాని మీదే వెళ్తా.

తమ్ముడూ, ముందు రెండు తేల్చుకో. ఒకటి, ఆగిపోయిన క్షణంలో రవ్వ ఉందా లేదా. ఇంటికొచ్చి చల్లారాక చూస్తే లాభం లేదు. జేబులో ఇంకో ప్లగ్గు పెట్టుకో, ఆగిన చోటే క్యాప్‌కి తగిలించి చూడు. రెండు, ఆగినప్పుడు ట్యాంక్ మూత ఒకసారి తెరిచి మూసి కిక్కు కొట్టు. మూతలో గాలి రంధ్రం పూడుకుపోతే కూడా సరిగ్గా ఇరవై నిమిషాలకే పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. చాలామంది దాన్నే కాయిల్ వేడెక్కిందనుకుంటారు.

ఒక జాగ్రత్త. రవ్వ చూసేటప్పుడు ప్లగ్గుని హెడ్డు మీద రంధ్రానికి దూరంగా ఆనించు. టూ స్ట్రోక్ కదా, కిక్కు కొడితే ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది. నా కనుబొమ్మ ఒకటి అలాగే కాలింది, కాలేజీ రోజుల్లో.

రోడ్‌కింగ్87 | ఆదివారం సాయంత్రం 6:30

అక్కా, చెప్పినట్టే చేశా. ఇవాళ హోసూర్ రోడ్డు మీద ఆగింది. ట్యాంక్ మూత తెరిచినా తేడా లేదు. స్పేర్ ప్లగ్గు పెట్టి చూస్తే రవ్వ దాదాపు లేదు, పది కిక్కులకు రెండుసార్లు కనిపించింది, అదీ నారింజ రంగులో. బయటికి తీసిన ప్లగ్గు తడిగా, నల్లగా ఉంది. ఆయిల్ లీటరుకు 40 మి.లీ. కలుపుతున్నా, ఎక్కువైందా?

ఎర్రజావా | ఆదివారం సాయంత్రం 6:52

ఆయిల్ సరిపోయింది, దాన్ని కదిలించకు. రవ్వ లేక కాలకపోతే ప్లగ్గు తడిసే ఉంటుంది. అంటే పెట్రోల్ వస్తోంది, కరెంట్ రావట్లేదు. సగం తేలిపోయింది.

ఇప్పుడు డైనమో మూత తీసి పాయింట్ల గ్యాప్ చూడు. పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.35 నుంచి 0.4 మి.మీ. మధ్య ఉండాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) లేకుండా కంటితో చూసి "బానే ఉంది" అనొద్దు. గ్యాప్ మరీ ఎక్కువైతే పాయింట్లు మూసుకుని ఉండే సమయం తగ్గుతుంది, కాయిల్ పూర్తిగా నిండదు. గ్యాప్ మార్చితే టైమింగ్ (రవ్వ పడే క్షణం) కూడా జరుగుతుంది కాబట్టి గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. ఇంకోటి, క్రాంక్ బేరింగులు అరిగిపోతే పాయింట్లని తెరిచే క్యామ్ ఊగుతుంది. క్రాంక్ కొసని పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడు, గ్యాప్ మారుతోందేమో.

డుగుడుగు | ఆదివారం రాత్రి 8:05

ప్లగ్ వైరు కొస కూడా చూడండి. క్యాప్ మరతిప్పి తీసి, చివర అర సెంటీమీటరు కోసేసి మళ్లీ ఎక్కిస్తే చాలు. పాతబడితే ఆ కొసలో రాగి పచ్చగా కుళ్లిపోతుంది. నా బుల్లెట్ ఒకసారి దీంతోనే మూడు రోజులు ఏడిపించింది. (ఆ మూడు రోజులూ ప్లగ్గు మీద నెపం వేశా. అడుగోడిలో ప్లగ్గులు చేసే మైకో ఫ్యాక్టరీ పక్కనే అద్దెకుండేవాళ్లం, గేటు దగ్గరికెళ్లి గొడవ పెట్టుకోవాలనిపించింది. ఇప్పుడది బాష్ లెండి, పేరు మారి చాలా కాలమైంది.)

రోడ్‌కింగ్87 | సోమవారం రాత్రి 10:10

గ్యాప్ 0.55 ఉంది! 0.4కి తెచ్చా. పాయింట్లు ఉప్పు కాగితంతో రుద్దా. క్రాంక్ ఊగడం లేదు. వైరు కొస కోశా. టైమింగ్ మా ఆఫీసులో ఒకాయన డయల్ గేజ్ తెచ్చి పెట్టాడు. రవ్వ కొంచెం మెరుగైంది కానీ ఇంకా పసుపే. రాత్రి హెడ్‌లైట్ వేసుకుని వస్తుంటే మళ్లీ అదే కథ, మడివాళ సిగ్నల్లో ఆగింది. నిజం చెప్పాలంటే విసుగొచ్చేసింది. రోజూ బండి తోసుకుంటూ రావడం చూసి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నా కోసం గేటు ముందే తెరిచి పెడుతున్నాడు.

కిక్‌రాడ్ | సోమవారం రాత్రి 10:35

ఉప్పు కాగితంతో రుద్దాక ఆ పొడి పాయింట్ల మధ్య ఉండిపోతుంది. తెల్ల కాగితం ముక్క పెట్రోల్‌లో ముంచి, పాయింట్ల మధ్య పెట్టి లాగు. కాగితం మీద నల్ల గీత పడటం ఆగేదాకా లాగు. కాగితం పీచు కూడా మిగలకూడదు.

ఓమ్స్‌లా | మారతహళ్లి | సోమవారం రాత్రి 11:20

ఆలస్యంగా వచ్చా, మొత్తం చదివాను. ఒక మాట ఎవరూ పట్టించుకోలేదు. మొదటి పోస్టులోనే ఆయన "బ్రేక్ మీద కాలు పెట్టి నిలబడితే" మిస్ కొడుతుంది అన్నారు. ఇవాళ "హెడ్‌లైట్ వేసుకుని వస్తుంటే" అన్నారు. హిందూపురం నుంచి వచ్చిన రోజు మాత్రం ఆగలేదు. ఆ రోజు పగలు, హైవే, బ్రేక్ పెద్దగా వేయలేదు.

నాకు ఇది రవ్వ పుట్టే చోట జబ్బులా లేదు, కాయిల్‌కి వోల్టేజీ అందడం లేదు. బ్రేక్ లైటు 6 వోల్టుల మీద దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. కీ స్విచ్, ఫ్యూజు దాటి వచ్చే దారి ఒకటే కాబట్టి, ఆ దారిలో ఎక్కడో తుప్పు ఉంటే బ్రేక్ నొక్కిన ప్రతిసారీ కాయిల్ వాటా తగ్గిపోతుంది. పైగా ఐడిల్లో డైనమో చార్జ్ చేయదు, చార్జింగ్ లేదని చెప్పే ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. సిగ్నల్లో మొత్తం బరువు బ్యాటరీదే.

ఇలా కొలవండి. పాయింట్లు మూసుకుని ఉండేలా ఇంజిన్ తిప్పి పెట్టండి. కీ ఆన్. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీ మీద. ఒక తీగ బ్యాటరీలో ఎర్త్ కాని టెర్మినల్ మీద, రెండోది కాయిల్‌కి కరెంట్ వచ్చే టెర్మినల్ మీద. మీటర్ చూపించేది దారిలో పోయిన వోల్టేజీ. తర్వాత బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ నుంచి ఇంజిన్ బాడీకి ఒకసారి, కాయిల్ రెండో టెర్మినల్ నుంచి బాడీకి ఒకసారి. బ్రేక్ నొక్కి, నొక్కకుండా రెండుసార్లూ రాసుకోండి. కీ ఎక్కువసేపు ఆన్‌లో ఉంచొద్దు, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ కాలిపోతుంది.

కేఆర్‌పురం_కుర్రాడు | సోమవారం రాత్రి 11:26

ఒక వోల్టు అటూ ఇటూ అయితే అంత తేడా పడుతుందా బ్రో?

ఓమ్స్‌లా | సోమవారం రాత్రి 11:44

6 వోల్టుల బండిలో చాలా పడుతుంది. కాయిల్‌లో దాచుకునే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 6.1 రావాల్సిన చోట 4.6 వస్తే కరెంటు ముప్పావుకి పడుతుంది, రవ్వ బలం మాత్రం సగానికి దగ్గరకొస్తుంది, సుమారు 57 శాతం. అదే ఒకటిన్నర వోల్టు 12 వోల్టుల బండిలో పోతే ఇంకా ముప్పావు వంతు పైనే మిగులుతుంది, బండి నడిచిపోతుంది. పాత 6 వోల్టుల బళ్లకి వైరింగ్ శుభ్రం ఎందుకంత ముఖ్యమో ఇక్కడే ఉంది.

బయట గాలిలో రవ్వ దూకినంత మాత్రాన లోపల దూకుతుందనీ లేదు. సిలిండర్లో ఒత్తిడి మీద దూకడం ఇంకా కష్టం. బయటే పసుపుగా ఉంటే లోపల కథ చెప్పక్కర్లేదు.

కిక్‌రాడ్ | మంగళవారం ఉదయం 6:05

ముప్పై ఏళ్లు బళ్లు విప్పాను, బ్రేక్ మాట నా కంట పడలేదు చూడు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఓమ్స్‌లా బాబూ, శభాష్. మేం మీటర్ లేకుండా చేసే పని ఒకటి చెప్తా. బ్యాటరీ నుంచి కాయిల్‌కి నేరుగా ఒక లావు వైరు వేసి నడిపి చూడు. బాగా నడిస్తే జబ్బు మధ్య దారిలో ఉన్నట్టే. మధ్యలో ఒక ఫ్యూజు పెట్టుకో. కీ తీసినా బండి ఆగదు, వైరు పీకితేనే ఆగుతుంది. అది మర్చిపోయి కంగారు పడొద్దు.

రోడ్‌కింగ్87 | బుధవారం రాత్రి 9:15

కొలిచాను. అంకెలు ఇవి. బ్యాటరీ దగ్గర 6.1. లైవ్ వైపు పోయింది 1.3. బ్రేక్ నొక్కితే 1.9! ఎర్త్ వైపు 0.15, పాయింట్ల మీద 0.1. అంటే బ్రేక్ నొక్కినప్పుడు కాయిల్‌కి నాలుగు వోల్టులే మిగులుతున్నాయి.

నేరుగా వైరు వేశా. రవ్వ నీలంగా, చిటపటమని చప్పుడుతో వచ్చింది. ఇంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. అరగంట తిప్పా, ఒక్క మిస్ లేదు. (ఆపడానికి వైరు పీకబోతే కిక్‌రాడ్ బాబాయ్ చెప్పినా సరే కంగారు పడ్డా.)

ఓమ్స్‌లా | బుధవారం రాత్రి 9:32

అద్భుతం. ఇప్పుడు ఆ 1.3ని ముక్కలు చేయండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఎంత, ఫ్యూజు నుంచి కీ స్విచ్ లోపలికి ఎంత, స్విచ్ దాటాక ఎంత. దొంగ దొరికిపోతాడు.

రోడ్‌కింగ్87 | శనివారం మధ్యాహ్నం 1:20

ఇద్దరు దొంగలు. ఫ్యూజు పట్టుకునే క్లిప్పులు పచ్చగా పూసుకుపోయి ఉన్నాయి, అక్కడే 0.7. కీ స్విచ్ లోపల 0.5. మిగతాది హెడ్‌లైట్ డూమ్‌లో మెలితిప్పి టేపు చుట్టిన ఒక జాయింట్. ఆ టేపు బహుశా నాన్న కాలం నాటిది. ఫోన్ చేసి అడిగితే "అది నేనే వేశాను, మడకశిర రోడ్డులో లైటు ఆగిపోతే" అన్నారు, ఏదో పతకం వచ్చినట్టు. ఆ జాయింట్ ముక్క మాత్రం పారేయలేదు, డ్రాయర్లో పెట్టా.

ఫ్యూజు హోల్డర్ జేసీ రోడ్డులో కొత్తది తెచ్చా. స్విచ్ విప్పి రాగి పళ్లేన్ని శుభ్రం చేసి, స్ప్రింగు కొద్దిగా సాగదీసి పెట్టా. జాయింట్ తీసి టంకం వేయించా. మొత్తం ఖర్చు 140 రూపాయలు. ఇప్పుడు లైవ్ వైపు పోయేది 0.25, బ్రేక్ నొక్కినా 0.35. రేపు హిందూపురం బయల్దేరుతున్నా.

డుగుడుగు | శనివారం మధ్యాహ్నం 1:31

మూడు వేలకు దొరకనిది నూట నలభైకి దొరికింది. ఫొటో పెట్టు అన్నా.

రోడ్‌కింగ్87 | ఆదివారం మధ్యాహ్నం 12:50

గౌరీబిదనూరు దాటాక ఆగింది. చెట్టు కింద కూర్చుని రాస్తున్నా. ఈసారి బ్రేక్‌తో సంబంధం లేదు. గంటన్నర హాయిగా నడిచి, మెల్లగా మిస్ మొదలై ఆగింది. రవ్వ మళ్లీ బలహీనం. వోల్టేజీ కొలిచా, బాగానే ఉంది. ఏం చేయాలి?

ఎర్రజావా | ఆదివారం మధ్యాహ్నం 12:58

డైనమో మూత తీసి, ఎవరినైనా కిక్కు కొట్టమని పాయింట్ల మధ్య చూడు. నీడలో చూడాలి. అక్కడ పెద్ద నీలి రవ్వలు ఎగురుతున్నాయా?

రోడ్‌కింగ్87 | ఆదివారం మధ్యాహ్నం 1:12

గొర్రెలు తోలుకెళ్తున్న ఒక పెద్దాయన కిక్కు కొట్టిపెట్టాడు. అవునక్కా, పాయింట్ల దగ్గర వెల్డింగ్ పెట్టినట్టు మెరుస్తోంది.

కిక్‌రాడ్ | ఆదివారం మధ్యాహ్నం 1:15

కండెన్సర్ పోయింది. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు వాటి మీదుగా దూకకుండా కండెన్సర్ మింగాలి. అప్పుడే కాయిల్లో ఒక్కసారిగా తెగుతుంది, ప్లగ్గులో రవ్వ పుడుతుంది. అది మింగకపోతే రవ్వ పాయింట్ల దగ్గరే అయిపోతుంది, ప్లగ్గుకి ఎంగిలి మిగులుతుంది. వేడెక్కినప్పుడు పోయి, చల్లారాక బాగుండటం దానికి మామూలే. పాతది పారేశావా?

రోడ్‌కింగ్87 | ఆదివారం మధ్యాహ్నం 1:19

లేదు బాబాయ్, నాన్న వస్తువని టూల్ బాక్సులో దాచా!

కిక్‌రాడ్ | ఆదివారం మధ్యాహ్నం 1:20

ఇంకేం, పెట్టు మరి.

రోడ్‌కింగ్87 | ఆదివారం సాయంత్రం 5:40

హిందూపురం చేరా. పాత కండెన్సర్ పెట్టగానే రెండో కిక్కుకి లేచింది. నెల క్రితం కొన్న కొత్తది చెడిపోయింది, 1987 నాటిది పని చేస్తోంది! నాన్నకి చెప్తే నవ్వు ఆపుకోలేకపోయారు.

ఓమ్స్‌లా | ఆదివారం రాత్రి 8:10

పాతదాన్ని కూడా ఎక్కువ కాలం నమ్మకండి. ఎస్పీ రోడ్డులో ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా 0.22 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ అడగండి, కొన్ని రూపాయలే. ఇంజిన్ వేడి తగలని చోట, కాయిల్ పక్కనే పెట్టి, ఒక కాలు పాయింట్ల నుంచి వచ్చే కాయిల్ టెర్మినల్‌కి, ఇంకో కాలు బాడీకి. కాళ్లు సన్నగా ఉంటాయి, అదురుకి తెగిపోతాయి. వైరు టంకం వేసి, ఎపాక్సీతో ఒక చిన్న డబ్బాలో పోసి బిగించండి. నెలకోసారి పాయింట్ల ముఖాలు చూడండి. ఒక వైపు గుంట, ఇంకో వైపు బొడిపె లేస్తుంటే విలువ సరిపడలేదని అర్థం.

కేఆర్‌పురం_కుర్రాడు | ఆదివారం రాత్రి 8:30

సరే, సీడీఐ మాట నేను ఎత్తలేదనుకోండి.

ఎర్రజావా | ఆదివారం రాత్రి 8:41

ఎత్తినా తప్పులేదు తమ్ముడూ. కానీ ఆ కుళ్లిన ఫ్యూజు క్లిప్పుల మీద, బ్యాటరీతో నడిచే సీడీఐ పెట్టి ఉంటే అదీ ఇలాగే ఏడ్చేది. అప్పుడు కిట్ దండగ అనేవాళ్లం.

పాతబండి_ప్రేమి | చిక్కబళ్లాపుర | సోమవారం ఉదయం 10:05

నా దగ్గర ఒరిజినల్ కండెన్సర్లు, పాయింట్ సెట్లు ఉన్నాయి, కావలసినవాళ్లు నా నంబరుకి

నిర్వాహకుడు | సోమవారం ఉదయం 10:20

ఫోన్ నంబరు తీసేశాను. అమ్మకాలకు వేరే విభాగం ఉంది, అక్కడ పెట్టండి.

రోడ్‌కింగ్87 | తర్వాతి శనివారం రాత్రి 9:30

ఎస్పీ రోడ్డు కెపాసిటర్ వేసి వారమైంది. సిల్క్ బోర్డ్ మీదుగా రోజూ రెండుసార్లు, రాత్రి హెడ్‌లైట్‌తో, బ్రేక్ నొక్కి పట్టుకుని. ఒక్కసారి కూడా ఆగలేదు. వాచ్‌మన్ మాత్రం అలవాటుకొద్దీ ఇంకా ముందే గేటు తెరుస్తున్నాడు.

ఒక చిన్న సందేహం. ఐడిల్లో ఎర్ర లైటు వెలుగుతోంది కానీ కొంచెం రెయిజ్ ఇస్తే ఆరిపోతోంది. ఇది మామూలేనా?

కిక్‌రాడ్ | శనివారం రాత్రి 9:48

మామూలే. బ్యాటరీలో నీళ్లు మాత్రం పదిహేను రోజులకోసారి చూసుకో, డిస్టిల్డ్ వాటరే పోయి.